మేస్త్రీ కట్టిన అంకె

ఫిల్మ్‌నగర్ రాళ్ల దిగువన ఒక చెరువుందనుకోండి. కథలో చెరువే. దాని ఒడ్డున సినిమా సెట్లు వేసే ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. భీమిలి అవతల సముద్రపు పల్లెలో పుట్టి, పదహారో ఏట పని వెతుక్కుంటూ వచ్చి, కృష్ణానగర్‌లో అద్దెగది తీసుకుని, ప్లైవుడ్డుతో కోటలూ థర్మోకోల్‌తో గుళ్లూ కట్టీ కట్టీ తల నెరిసినవాడు. చేతులు మాత్రం తెప్ప కట్టిన చేతులే. దుంగల్ని తాళ్లతో బిగించి, అలల్లోకి తోసి, వేట నుంచి తిరిగొచ్చాక విప్పి ఇసుకలో ఆరబెట్టే చేతులు.

ఒక సినిమాలో పడవ పందెం సీను పడింది. మేస్త్రీ మూడు జోడు పడవలు చేశాడు. పక్కపక్కన రెండు సన్నటి పడవలు, వాటిని కలుపుతూ అడ్డకర్రలు, మధ్యలో గుడ్డ పరుపు, పైన తెరచాప. సీనులో గెలవాల్సింది హీరో గనుక హీరో పడవ పొడుగ్గా, తేలిగ్గా, పెద్ద తెరచాపతో తయారైంది. విలన్ పడవ బండగా, బరువుగా ఉండాలన్నారు. అలాగే ఉంది. హీరోయిన్ స్నేహితురాళ్లది చిట్టి పడవ. పాట మధ్యలో ఒకసారి కనిపిస్తే చాలు దానికి.

షూటింగ్ అయిపోయింది. సెట్టు విప్పేశారు. పడవలు మాత్రం ఒడ్డునే మిగిలిపోయాయి. ఆదివారాలు వాటిని నీళ్లలోకి దించడం మొదలైంది. పొడుగు పడవ నిర్మాతగారి అబ్బాయి చినబాబుది, అతని స్నేహితుడిది. బరువు పడవ ఇద్దరు లైట్‌మెన్‌కి వచ్చింది, కండ పట్టిన మనుషులు. చిట్టి పడవ ఇద్దరు జూనియర్ ఆర్టిస్టు అమ్మాయిలు తీసుకున్నారు. వారమంతా కాల్‌షీట్ కోసం తెల్లవారుజామున అడ్డాలో నిలబడేవాళ్లు, ఆదివారం మాత్రం ఎవరి పిలుపూ అక్కర్లేకుండా వచ్చేవాళ్లు. ఉగాది నాటికి కప్పు ఇస్తానని ప్రొడక్షన్ మేనేజరు మాటిచ్చాడు.

నాలుగు ఆదివారాలూ పొడుగు పడవే ముందొచ్చింది. అయిదో ఆదివారం మిగతా రెండు జంటలూ పడవలు దించలేదు. చినబాబు గాలిలో ఒంటరిగా రెండు చుట్లు తిరిగి, ఒడ్డుకొచ్చి మేస్త్రీ పక్కన కూర్చున్నాడు.

"ఎవరితో పోటీ పడాలి మేస్త్రీ? ఏదో ఒకటి చెయ్యి."

మేస్త్రీ ఆలోచించాడు. చిట్టి పడవ అయిదు నిమిషాలు ముందు బయలుదేరవచ్చన్నాడు, బరువు పడవ రెండు నిమిషాలు. ఆ వారం అమ్మాయిలు చాలా తేలిగ్గా గెలిచారు. చినబాబు ఎర్రబడ్డ మొహంతో వచ్చి అడిగాడు: "ఆ అయిదు నిమిషాలు ఎక్కణ్నుంచి తెచ్చావు మేస్త్రీ?"

ముసలాయన అబద్ధమాడలేదు. "జాలి నుంచి తెచ్చాను బావూ."

అమ్మాయిల్లో పెద్దది అప్పుడు నోరు విప్పింది. "నీ జాలి మాకొద్దు తాతా. గెలిచామని ఇంట్లో చెప్పుకోలేకపోయాం."

ఆ మాటకి మేస్త్రీ మూడు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు.

తర్వాత వేరే దారి పట్టాడు. ఈసారి జాలి లేదు, ఊహా లేదు. ఎవరు గెలిస్తే వాళ్లు వచ్చే వారం ఒక నిమిషం ఆలస్యంగా బయలుదేరాలి. ఎవరు ఆఖరున వస్తే వాళ్లు ఒక నిమిషం ముందు. ఫలితమే తీర్పరి. కొన్ని వారాలు బాగా నడిచింది, మూడు పడవలూ దగ్గర దగ్గరగా ముగించాయి. చూసేవాళ్లూ పెరిగారు.

ఒక ఆదివారం గట్టు మీద నిలబడి చూస్తుంటే లైట్‌మెన్ పడవ మీద తెరచాప కొట్టుకుంటోంది. గాలి సరిగ్గానే ఉంది. తాడు ఒక్క జానెడు లాగితే తెరచాప నిండుతుంది. లాగలేదు. మరుసటి వారమూ లాగలేదు. మేస్త్రీకి అర్థమైంది. వాళ్లు ఓడి నిమిషాలు కూడబెట్టుకుంటున్నారు, ఉగాది నాడు ఖర్చుపెట్టడానికి.

అంతకన్నా ఆయన్ని కుంగదీసింది మరొకటి. అమ్మాయిలు ఎదురుగాలిలో పడవ తిప్పడం నేర్చుకున్నారు. జోడు పడవకి అదే గండం. మలుపులో ఊపు పోతే గాలికి ఎదురుగా నిలబడిపోతుంది, వెనక్కి కూడా కొట్టుకుపోతుంది. వాళ్లు నెలరోజులు చేతులు బొబ్బలెక్కేలా సాధన చేసి, ముందు తెరచాపని ఎంతసేపు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో తెలుసుకున్నారు. ఒక వారం న్యాయంగా గెలిచారు. గెలిచిన పాపానికి ఒక నిమిషం పోయింది.

"నేర్చుకున్నందుకు జరిమానా ఏంటి తాతా?" అనడిగింది చిన్నది. ఆయన దగ్గర జవాబు లేదు.

ఉగాదికి ఇంకా నెల ఉంది. మేస్త్రీ పాత ఇనుము కొట్టు నుంచి కాటా అద్దెకి తెచ్చాడు. తన టేపు తీశాడు. మూడు పడవలనూ సెట్ గోడౌన్ నేల మీద పరిచి, నీటిని తాకే పొడవు ఎంతో, తెరచాప ఎన్ని చదరపు అడుగులో, కొయ్యతో సహా పడవ తూకం ఎంతో కొలిచాడు. మనుషుల్నీ కాటా ఎక్కించాడు. "మనిషి బరువు పడవ మోసే సరుకే గాని పనితనం కాదు" అన్నాడు. తూకం వేసేటప్పుడు లైట్‌మెన్ పడవ అనుకున్నదానికన్నా బరువు తూగింది. మేస్త్రీ వంగి అడుగున బిరడా లాగాడు. లోపల పోసిన నీళ్లు గోడౌన్ నేలంతా పారాయి. ఎవరూ ఏమీ అనలేదు. లైట్‌మెన్‌లో పెద్దవాడు తలొంచుకుని గోనెపట్టా తెచ్చి నేల తుడిచాడు.

కొలతలు వచ్చాయి. కొలతల్ని కాలంగా మార్చడం ఎలా? ఇక్కడే ముసలాయన బుర్ర పనిచేసింది. జంటల్ని మార్చాడు. చినబాబు జంటని మూడు పడవల్లోనూ పంపించాడు. లైట్‌మెన్‌ని మూడింట్లో, అమ్మాయిల్ని మూడింట్లో. పొద్దుట గాలికోసారి, సాయంత్రం గాలికోసారి. మొత్తం పద్దెనిమిది పరుగులు. ఎవరు నడిపినా చిట్టి పడవ నిదానమే, ఎవరు నడిపినా పొడుగు పడవ చురుకే. సగటు తీస్తే అదే దూరానికి పొడుగు పడవకి 48 నిమిషాలు, బరువు పడవకి 52, చిట్టి పడవకి 56. నూటికి దగ్గరగా ఉంటే లెక్క చెయ్యడం సులువని మూడింటినీ రెట్టింపు చేసి ప్లైవుడ్ పలక మీద రంగుతో రాశాడు: 96, 104, 112.

కింద ఇంకో వరుస రాశాడు. అందరూ ఒకేసారి బయలుదేరాలి. పట్టిన కాలాన్ని నూరుతో గుణించి, పడవ అంకెతో భాగించాలి. తక్కువ వచ్చినవాళ్లదే గెలుపు. తెరచాప మారినా మనుషులు మారినా పందేనికి ముందే మళ్లీ కొలుస్తారు. పందెం అయ్యాక అంకె మారదు.

అలా పలక ఉగాదికి పది రోజుల ముందే గట్టున నిలబడింది.

ఉగాది నాడు గాలి నిలకడగా వీచింది. పొడుగు పడవ సరిగ్గా 48 నిమిషాలకి గీత దాటింది. బరువు పడవ 52 నిమిషాల 31 సెకన్లకి వచ్చింది. చిట్టి పడవ అందరికన్నా వెనక, 55 నిమిషాల 48 సెకన్లకి. ఒడ్డున జనం చినబాబుని భుజాల మీదికి ఎత్తబోయారు. మేస్త్రీ ఆగమన్నాడు. సుద్దముక్క తీసి లెక్క కట్టాడు. పొడుగు పడవకి 50 నిమిషాలు. బరువు పడవకి 50 నిమిషాల 30 సెకన్లు. చిట్టి పడవకి 49 నిమిషాల 49 సెకన్లు. పదకొండు సెకన్ల తేడాతో అమ్మాయిలు గెలిచారు.

చినబాబు సుద్దముక్క అడిగాడు. పలక ముందు గొంతుక్కూర్చుని తన చేత్తో లెక్క కట్టుకున్నాడు. మూడుసార్లు కట్టుకున్నాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"సరిపోయింది మేస్త్రీ. రెండో మలుపులో గాలికి ఎదురుగా ఆగిపోయాను చూడు, అక్కడే పోయాయి నా పదకొండు సెకన్లు. అంతకన్నా ఎక్కువే."

కప్పు అమ్మాయిలు పట్టుకెళ్లారు. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పుకున్నారు. తర్వాతి ఆదివారం చినబాబు మలుపులు చక్కగా తీసి గెలిచాడు. ఈసారి సుద్దముక్క అడిగింది అమ్మాయిలు. లెక్క కట్టుకుని, సరిపోయిందన్నారు.

నీతి: పోటీ పెట్టేవాడు మనిషికి దొరికిన వస్తువులోని తేడాని లెక్కలోంచి తీసెయ్యాలి, మనిషి చేతి పనిని మాత్రం ముట్టుకోకూడదు. అది చేసే అంకె పందేనికి ముందే అందరికీ తెలియాలి, ఓడినవాడు తన చేత్తో కట్టుకుని చూసుకునేలా ఉండాలి.

ఈ నీతిని నేను కథ కోసం పుట్టించలేదు. పడవల వాళ్లు వందేళ్లకు పైగా దీనితోనే కుస్తీ పడుతున్నారు. ప్రపంచమంతా క్యాటమరాన్ అంటున్న మాట మన తూర్పు తీరపు కట్టుమరమే, తమిళం నుంచి ఇంగ్లిషులోకి వెళ్లింది. మన పల్లెకారులు దుంగలు కట్టి వేటకెళ్లే తెప్పకి ఆ పేరు. రెండు పడవలను అడ్డకర్రలతో కలిపే ఇప్పటి జోడు పడవ మాత్రం పసిఫిక్ దీవుల వాళ్ల విద్య. పేరు మనది, రూపం వాళ్లది.

1876లో న్యూయార్క్‌లో అమెరికా శతాబ్ది ఉత్సవాలకి పడవ పందెం పెట్టారు. నథానియల్ హెరెషాఫ్ అనే పడవల నిపుణుడు అమరిల్లిస్ అనే జోడు పడవ తెచ్చి మామూలు పడవలన్నిటినీ దాటేశాడు. ఫిర్యాదులొచ్చాయి, ఆ పడవని అనర్హమన్నారు. ఆ తర్వాత మామూలు తరగతుల్లోకి జోడు పడవల్ని రానివ్వలేదు. కొలవడం చేతకానప్పుడు వెళ్లగొట్టడమే తేలికైన దారి. సరిగ్గా వందేళ్లకి, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో, టోర్నడో అనే జోడు పడవకి సొంత తరగతి దొరికింది. 2008 బీజింగ్ వరకూ ఆ పడవ నిలిచింది. 2016 నుంచి నాక్రా 17 వచ్చింది, అందులో ఒక ఆడ, ఒక మగ కలిసి నడుపుతారు.

ఒలింపిక్స్‌లో అందరిదీ ఒకే రకం పడవ గనుక అంకె అక్కర్లేదు. చిన్న క్లబ్బులకి ఆ అదృష్టం ఉండదు. ఒకరిది పాత హోబీ 16, ఇంకొకరిది కొత్త ఫార్ములా 18, మరొకరిది ఎక్కడో కొన్న మూడో రకం. అక్కడే మేస్త్రీ పట్టిన ఫలితాల దారీ, కొలతల దారీ ఎదురవుతాయి. బ్రిటన్‌లో పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అనే పద్ధతి ఫలితాల నుంచి అంకె తీస్తుంది. కాకపోతే ఒక మనిషి ఫలితం నుంచి కాదు, ఒక రకం పడవలు అనేక క్లబ్బుల్లో చేసిన పందేలన్నిటి నుంచి. మేస్త్రీ రెండో ప్రయత్నంలో పొరపాటు అదే. పడవకి కట్టాల్సిన అంకెని మనిషికి కట్టాడు. చిన్న జోడు పడవలకి వాడే ఎస్‌సీహెచ్‌ఆర్‌ఎస్ అనే పద్ధతి, డచ్చి వాళ్ల టెక్సెల్ రేటింగ్ కొలతల దారి పట్టాయి. పొడవు, తెరచాప విస్తీర్ణం పెరిగితే పడవ చురుకవుతుంది, బరువు పెరిగితే నిదానిస్తుంది. అయితే తెరచాప రెట్టింపయితే వేగం రెట్టింపు కాదు. ఎంత పెరుగుతుందో అంచనా కట్టడమే ఆ సూత్రాల పనంతా. బరువుగల జంట, తేలికైన జంట మధ్య తేడా కూడా చిన్నది కాదు. అందుకే ఫార్ములా 18 నియమాలు తేలికైన జంటలకి చిన్న ముందు తెరచాప, చిన్న స్పినేకర్ అనే ఉబ్బు తెరచాప ఇస్తాయి.

ఒక్క అంకె అన్ని గాలులకీ సరిపోదు. అది నిజం. మంద గాలిలో తేలికైన జంటకి లాభం, గట్టి గాలిలో బరువైన జంటకి లాభం. ఏ సూత్రమూ దాన్ని పూర్తిగా సర్దలేదు. కానీ ఆ లోపం గాలి చేసేది. రాసేవాడి జాలి గాని, నడిపేవాడి మోసం గాని అందులో లేవు. ఆ రెండు రకాల అన్యాయాలకీ ఉన్న తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

మన మలక్‌పేట గుర్రప్పందేల్లో హ్యాండిక్యాప్ మాట అందరికీ పరిచయమే. బాగా పరిగెత్తే గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారు. అది ఫలితాల దారి. అందుకే గుర్రాన్ని సత్తా మేరకు పరిగెత్తించారా లేదా అని చూసే అధికారులు కూడా తప్పనిసరయ్యారు. హుస్సేన్‌సాగర్ మీద సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వంటివి ఎక్కువగా మూడో దారిలో నడుస్తున్నాయి. లేజర్, ఆప్టిమిస్ట్ లాంటి ఒకే రకం పడవలు అందరికీ. ఆప్టిమిస్ట్ పిల్లల పడవ, 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ గీశాడు. పేదింటి పిల్లలు అదే పడవలో కూర్చుని, డబ్బున్న పిల్లలతో ఒకే గీత మీద నిలబడడం ఈ నగరంలో నాకు నచ్చిన దృశ్యాల్లో ఒకటి. అందరికీ ఒకే పడవ ఇవ్వగలిగితే ఇవ్వాలి. ఇవ్వలేనప్పుడు కొలవాలి.

ఇక జూబ్లీహిల్స్ సినిమా లోకం సంగతి. ఇక్కడ ఎవరికీ ఒకే పడవ దొరకదు. వందల కోట్ల సినిమా, రెండు కోట్ల సినిమా ఒకే శుక్రవారం గీత దాటతాయి. మర్నాడు పోస్టరు మీద పడే గ్రాస్ అంకె పొడుగు పడవ ముందొచ్చిందన్న కబురు, అంతే. ట్రేడ్ వాళ్లకి ఇది తెలియదని కాదు. కొన్న ధరకి ఎంత షేర్ వచ్చింది, బ్రేక్ ఈవెన్ దాటిందా లేదా అని చూసేది వాళ్లే. అది సరిగ్గా మేస్త్రీ భాగహారమే. కానీ ఆ భాగహారంలో కింద పెట్టే అంకెని ఎవరూ కాటా మీద తూచి చెప్పరు. బడ్జెట్ ఇంత అని ప్రకటిస్తారు, విడుదలయ్యాక ఇంకో అంకె వినిపిస్తుంది. బిరడా లాగే మేస్త్రీ లేడు. 1964లో మొదలైన నంది అవార్డులు బాలల చిత్రాన్నీ డాక్యుమెంటరీనీ మామూలు కథాచిత్రాలతో ఒకే గీత మీద నిలబెట్టకుండా వేరే విభాగాలు పెట్టాయి. అది మంచి ఆలోచన. విభాగంలోపల మళ్లీ పెద్ద పడవ, చిట్టి పడవ పక్కపక్కనే ఉండేవి.

చిన్న సినిమాని చూసి "పాపం, చిన్నవాళ్లు బాగా తీశారు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పాపం అనే మాట మేస్త్రీ ఇచ్చిన అయిదు నిమిషాల్లాంటిది. తీసినవాళ్లు దాన్ని ఇంటికి తీసుకెళ్లి చెప్పుకోలేరు. ఒకే కెమెరాతో, ఇరవై రోజుల్లో, ఆ దర్శకుడు ఆ సన్నివేశాన్ని ఎలా మలుపు తిప్పాడో చూసి చెప్పండి. అలాగే పెద్ద సినిమా బాగుంటే డబ్బుంది కాబట్టి బాగుందనేసి ఊరుకోకండి. పలక లెక్కలో చినబాబు కూడా మలుపులు నేర్చుకున్నాకే గెలిచాడు.

కప్పులిచ్చే పెద్దలకి, జ్యూరీల్లో కూర్చునేవాళ్లకి, పిల్లల ఆటల పోటీలు పెట్టే మాస్టార్లకి ఒక మనవి. ఏది కొలుస్తారో, ఎలా లెక్క కడతారో పోటీకి పది రోజుల ముందే పలక మీద రాసి గట్టున నిలబెట్టండి. ఫలితం చెప్పిన రోజున ఓడినవాళ్లకి సుద్దముక్క ఇవ్వండి.